స్వీడన్‌లో ‘సూప్’ అడిగితే ఏం తెచ్చిస్తారు?

పోయిన సంచికలో ఐస్‌లాండ్ వాళ్ళ ‘సోపి’ అనే మాట గురించి నాలుగు ముక్కలు రాశాను. గుక్క అని దాని అర్థం. ఏదో పేజీ చివర చోటు మిగిలితే నింపిన సంగతి అది. తీరా చూస్తే ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని మీదే వచ్చాయి. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి గుక్క, గుటక, జుర్రుడు, సూప్ వీటితోనే ఈ పేజీ నింపుతున్నాను. యోతెబోరి బడుల్లో పిల్లలకు మాతృభాష పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి స్వీడన్ ముచ్చట్లు కాస్త ఎక్కువ దొర్లుతాయి. డెన్మార్క్ పాఠకులు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మాల్మోలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆగస్టులో ఆఫీసు వాళ్ళు ఎండ్రకాయల (క్రేఫిష్) విందుకు పిలిచారు. ఆరుబయట చలిగా ఉండి, వచ్చీరాని స్వీడిష్‌లో ‘ఎన్ సూప్’ కావాలన్నాను. చిన్న గ్లాసులో నీళ్ళలాంటిది తెచ్చి పెట్టారు. అది నీళ్ళు కాదని గొంతు దిగాక తెలిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఉచ్చారణ అంత ఘోరంగా ఉందా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మాల్మో

జవాబు: మీ ఉచ్చారణ బాగున్నందుకే తంటా వచ్చింది. పెదాలు కాస్త బిగించి ‘సూప్’ అంటే స్వీడిష్‌లో ఒక పెగ్గు మందు. మీరు అడగాల్సింది ‘సొప్ప’. చప్పట్లు ఎందుకంటారా, ఆ విందులో మొదటి పెగ్గు గొంతెత్తి అడిగినవాళ్ళకు మర్యాద ఎక్కువ.

ఈ సూప్ అనే నామవాచకం ‘సూపా’ అనే క్రియ నుంచి వచ్చింది. ఈ రోజున స్వీడిష్‌లో ఎవరైనా సూపా చేస్తున్నారంటే ఒళ్ళు తెలియకుండా తాగుతున్నారనే. ‘హాన్ సోప్’ అంటే ‘వాడు తెగ తాగేవాడు’ అని. ఆ మాటలో గౌరవం పిసరంత కూడా లేదు. కానీ దాని పుట్టుక అలాంటిది కాదు. ఈ దేశాల భాషలకు తల్లి అయిన ప్రాచీన నోర్స్ భాషలో ‘సూపా’ అంటే పలచటి పదార్థాన్ని నోట్లోకి పీల్చుకోవడం, అంతే. పాలైనా, గంజైనా, మాంసం ఉడికిన నీళ్ళైనా సరే. ఆ క్రియ కాలాన్ని బట్టి లోపలి అచ్చు మార్చుకుంటుంది: సూపా, భూతకాలంలో సౌప్, ‘జుర్రిన’ అనడానికి సోపిన్. ఇంగ్లీషులో డ్రింక్, డ్రాంక్, డ్రంక్ అయినట్టే. ఈ అచ్చుల్లో ఒక్కోదాని నుంచీ ఒక్కో నామవాచకం పుట్టింది. సోపి అంటే గుక్క. ‘సౌప్’ అంటే మజ్జిగ. నార్వే మాండలికాల్లో ఆ మాట అదే అర్థంతో నేటికీ ఉంది.

మరి పాపం స్వీడిష్ సూపా మాత్రం ఎందుకు చెడింది? చెడింది అదొక్కటే కాదు. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘జావుఫెన్’, డచ్‌లో ‘జౌపెన్’, రెండూ తాగుబోతు మాటలే అయ్యాయి. చప్పుడు చేసుకుంటూ, ఆత్రంగా లోపలికి లాగడం అనే ఛాయ ఆ క్రియలో మొదటినుంచీ ఉంది. మర్యాదస్తుల బల్ల మీద చెంచాలు కుదురుగా కదలడం నేర్చుకున్నాక ఆ ఛాయ సీసా పక్కకు జరిగిందని నా లెక్క. పాత అర్థం పూర్తిగా పోలేదు. ‘ఓల్‌సూపా’ అని స్వీడన్ పల్లెల్లో పూర్వం పొద్దున్నే తాగే వంటకం ఒకటి ఉండేది. పలచటి బీరులో పాలు కలిపి కాచేవారు. అది తాగినవాళ్ళను ఎవరూ తాగుబోతులనలేదు.

మీ ముందు పెట్టిన మందు పేరు ‘స్నాప్స్’ కూడా గుక్కే. ‘లో జర్మన్’ అనే ఉత్తర జర్మనీ భాషలో చటుక్కున నోట్లో వేసుకునే ఒక గుటక అని. అంటే స్వీడన్ వాళ్ళు సీసాకూ గ్లాసుకూ రెండింటికీ గుక్క పేర్లే పెట్టుకున్నారు. ఆ గుక్క కోసం వీళ్ళు పడిన పాట్లు చిన్నవి కావు. 1922 ఆగస్టు 27న మద్యనిషేధం పెట్టాలా వద్దా అని దేశమంతా ఓటు వేశారు. దాదాపు 51 శాతం వద్దన్నారు గనక బయటపడ్డారు. ఆల్బర్ట్ ఎంగ్‌స్ట్రోమ్ అనే చిత్రకారుడు అప్పుడు గీసిన పోస్టర్ మీద ఎర్రటి ఎండ్రకాయలు, పక్కన సీసా, ‘ఎండ్రకాయలకు ఈ పానీయాలు కావాలి’ అని రాత. నిషేధం రాకపోయినా మందుకు రేషన్ పుస్తకం మాత్రం 1955 దాకా ఉంది. హోటల్లో మందు కావాలంటే తిండి కూడా కొనాల్సిందేనని రూలు. ఒక్క మాట పలికి గ్లాసు తెప్పించుకున్న మీరు అదృష్టవంతులు.

అన్నట్టు ఆ విందులో మరో క్రియ కూడా మీ చెవిన పడే ఉండాలి: ‘సోర్ప్లా’. చప్పుడయ్యేలా జుర్రడం. ఉప్పు, పూత పూసిన డిల్ కొమ్మలు వేసి ఉడికించిన ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి పట్టుకుని, డొప్పలో నిలిచిన ఉప్పునీళ్ళను ముందు పీల్చాలి. ఆ తర్వాతే విరవాలి. ఏడాది పొడుగునా భోజనాల బల్ల దగ్గర పిల్లలు చప్పుడు చేస్తే కళ్ళెర్రజేసే స్వీడిష్ తండ్రులు ఆ ఒక్క రాత్రి తామే పెద్దగా జుర్రుతారు.

ప్రశ్న: అయ్యా/అమ్మా, సంస్కృతంలో ‘సూపం’ ఉంది, ‘సూపకారుడు’ ఉన్నాడు. ఇంగ్లీషు సూప్, స్వీడిష్ సొప్ప, ఐస్‌లాండిక్ సూపా అన్నీ దాని పిల్లలేనని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మీలాంటివారు ఈ నిజాన్ని ఎందుకు దాచిపెడుతున్నారు?
– ఒక రిటైర్డ్ సంస్కృతోపాధ్యాయులు

జవాబు: మాస్టారూ, దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఉన్నదంతా ఇక్కడే పరుస్తాను, మీరే చూడండి.

ముందుగా ఇంగ్లీషు సూప్ సంగతి తేలిక. అది 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ ‘సూప్’ నుంచి వచ్చింది. ఫ్రెంచ్ వాళ్ళకు చివరి కాలపు లాటిన్ ‘సుప్పా’ నుంచి, ఆ లాటిన్‌కు జర్మానిక్ తెగల నోటి నుంచి వచ్చింది. ఈ దారిలో ఎక్కడా సంస్కృతం తగలదు.

ఇక సంస్కృత సూపానికీ నోర్స్ సూపాకీ అంతకు ముందెప్పుడో చుట్టరికం ఉందా అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ మెసేజ్ రాసినవారికి అడ్డం వచ్చేది ‘ప’కారమే. రాస్ముస్ రాస్క్ అనే డేనిష్ పండితుడు 1818లో అచ్చు వేసిన వ్యాసంలో ఐస్‌లాండిక్‌ను గ్రీకు, లాటిన్‌లతో పోల్చి, హల్లులు ఒక పద్ధతి ప్రకారం మారాయని చూపించాడు. 1822లో యాకోబ్ గ్రిమ్ దాన్ని సంస్కృతంతో కూడా కలిపి సూత్రంగా కట్టాడు. ఆ సూత్రం ప్రకారం సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట నోర్స్ భాషల్లో ‘ఫ’ ఉండాలి. ఉంది కూడా. పితృ అంటే ఐస్‌లాండిక్‌లో ఫాదిర్. పాదం ఫోతుర్. పంచ ఫిమ్. పశువు ‘ఫ్యె’, ఐస్‌లాండ్‌లో ఆ మాటకు గొర్రెలనీ, డబ్బనీ రెండర్థాలు. ఈ లెక్కన సంస్కృత సూపం అక్కడికి నేరుగా వెళ్ళి ఉంటే ‘సూఫా’ కావాలి. కాలేదు.

తిరగేసి చూడండి. నోర్స్‌లో ‘ప’ వినిపిస్తే దాని వెనక పాత ‘బ’ ఉండాలి. గ్రీకు ‘కన్నబిస్’ ఐస్‌లాండిక్‌లో ‘హంపుర్’ అయింది. క వెళ్ళి హ, బ వెళ్ళి ప. సూపాకు కూడా వెనక ‘సూబ్’ లాంటి రూపం ఉండాలని నిఘంటువులు అంటాయి. రసం పిండడం అనే అర్థంలో సంస్కృతంలో ‘సు’ ధాతువు ఉంది, సోమాన్ని పిండడం దాంతోనే. నోర్స్ సూపా కూడా ఆ ‘సు’ లాంటి మూలం మీద వేరే తోక తగిలించుకుని పుట్టిందని కొందరు పండితులు, కాదని కొందరు. మాట ఒకేలా వినిపించడం వేరు, చుట్టరికం వేరు. ఫ్యె, పశువు చెవికి ఏమాత్రం కలవవు, అయినా సొంత అన్నదమ్ములు. సూపం, సూప్ చెవికి కవలలు, కానీ కాగితాలు కలవవు.

ఈ రాస్క్ మనవైపు కూడా వచ్చాడు. రష్యా, పర్షియా దాటుకుంటూ 1820లో బొంబాయి చేరి, అక్కడినుంచి దేశం మీదుగా సింహళం దాకా వెళ్ళి, రాతప్రతులు మూట కట్టుకుని 1823లో కోపెన్‌హేగెన్‌కు తిరిగి చేరాడు. ఐస్‌లాండ్‌లో రెండేళ్ళుండి అక్కడివాళ్ళకు వాళ్ళ భాష మీద ప్రేమ పుట్టించిన మనిషి కూడా ఈయనే. వాట్సాప్ మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆయన బొమ్మ కూడా ఒకటి పంపితే సంతోషిస్తాను.

ప్రశ్న: డేనిష్ క్లాసులో ‘సుప్పె’ అంటే సూప్ అని చెప్పారు. మా పక్కింటి పెద్దావిడ మాత్రం మనవడితో ‘సోబె’ అంటుంటుంది. రెండూ ఒకటేనా?
– ఒక గృహిణి, ఓర్హుస్

జవాబు: ఒకే ఇంటివి, కానీ వేరు వేరు దారుల్లో వచ్చాయి.

సోబె క్రియ. చెంచాతో పలచటి తిండి తినడం, కాస్త చప్పుడుతో సహా. డేనిష్‌లో అచ్చు తర్వాత వచ్చే పాత ‘ప’ మెత్తబడి ‘బ’ అయింది. ఓడను ఐస్‌లాండ్ వాళ్ళు ‘స్కిప్’ అంటే డేన్లు ‘స్కిబ్’ అన్నట్టే ఇదీను. చెంచాతో తినేవాటన్నిటికీ కలిపి ‘సోబెమ్యాద్’ అని పేరు.

సుప్పె అలా ఇంట్లో పెరిగింది కాదు, ఓడ దిగి వచ్చింది. మధ్యయుగాల్లో ఉత్తర జర్మనీ నగరాల వర్తక సంఘం, హన్సా, బాల్టిక్ చుట్టుపక్కల వ్యాపారమంతా చేతిలో పెట్టుకుంది. బెర్గెన్‌లో వాళ్ళ కొఠీ 14వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం నడుమ దాకా నడిచింది. ఎండు చేప కొనడానికి వచ్చినవాళ్ళు తమ లో జర్మన్ మాటల్ని బస్తాల కొద్దీ దింపి పోయారు. అందులో ‘సుప్పె’, ‘సొప్పె’ కూడా ఉన్నాయి. డేనిష్, నార్వేజియన్ సుప్పె, స్వీడిష్ సొప్ప అలా వచ్చినవే.

ఆ మాటకు మొదట అర్థం పులుసు కాదు, పులుసులో నానేసిన రొట్టె ముక్క. గట్టిపడిన రొట్టెను గిన్నెలో వేసి పైన వేడి ద్రవం పోసుకుని తినేవారు. క్రమంగా పేరు రొట్టె నుంచి జారి ద్రవానికి అంటుకుంది. ఈ పాత పద్ధతి కళ్ళతో చూడాలంటే మీరు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మీ పక్కింటావిడనే ‘ఓలెబ్రోద్’ చేసి పెట్టమనండి. మిగిలిపోయిన రై రొట్టె ముక్కల్ని బీరులోనో, బీరూ నీళ్ళూ కలిపో నానబెట్టి, మెత్తగా ఉడికించి, పంచదార వేసి, పైన మీగడ పోసి ఇస్తారు. ముదురు గోధుమ రంగులో చిక్కగా ఉంటుంది. ఆవిడ మనవడితో ‘సోబె’ అనేది బహుశా ఇలాంటి గిన్నె ముందరే.

ఫ్రాన్సు వెళ్ళిన శాఖ అక్కడ ‘సూపే’ అనే క్రియ పుట్టించింది, రాత్రి భోజనం చేయడమని. అది ఇంగ్లీషులో సప్పర్ అయింది. ఆపైన ఫ్యాషన్ వేషం కట్టుకుని స్వీడన్‌కే తిరిగొచ్చి ‘సుపే’ అయింది. పొద్దుపోయాక, కొవ్వొత్తులు వెలిగించి పెట్టే భోజనమన్నమాట. కనక స్వీడన్‌లో ఒక పెద్దమనిషి సుపేకి వెళ్ళి, సొప్ప తిని, సూప్ పుచ్చుకుని ఇంటికొస్తే, పాపం ఒకే మాటను మూడుసార్లు మింగినట్టే.

ప్రశ్న: అక్కా, నేను రేక్యావిక్‌లో చదువుకుంటున్నాను. పరీక్షకు చదవలేదని చెబితే మా ఇంటి ఓనరమ్మ ‘సూపా సేయిదిద్’ అని ఏదో అంది. సూప్ పెడతానందేమో అని ఎదురుచూశాను, రాలేదు. తిట్టిందా, పిలిచిందా?
– ఒక విద్యార్థిని

జవాబు: చెల్లీ, తిట్టలేదు, పిలవా లేదు. చేసుకున్నదానికి అనుభవించమంది. సేయిది అంటే ఏదైనా ఉడికించగా గిన్నెలో మిగిలిన నీళ్ళు. నువ్వు ఉడికించావు, ఆ నీళ్ళు నువ్వే తాగు అని.

ఈ మాటకు ఐస్‌లాండ్‌లో దక్కిన వైభవం మరెక్కడా లేదు. అక్కడ ‘సూపా’ క్రియగా గుక్క వేయడం, నామవాచకంగా సూప్. ఆ రెండో అర్థం వంటకంతో పాటు డెన్మార్క్ వైపునుంచి వచ్చి, పాత క్రియ ఎలాగూ ఇంట్లోనే ఉంది గనక దాని పక్కన ఇట్టే ఇమిడిపోయింది. స్వీడన్‌లో సీసా పాలైన మాట ఇక్కడ గొర్రెమాంసం సూప్ గిన్నెలో హాయిగా ఉంది. ‘క్యోత్‌సూపా’ అంటారు దాన్ని. గొర్రెమాంసం, రుటబాగా దుంప, క్యారెట్, బంగాళదుంప. పిల్లలకైతే ‘కకావ్‌సూపా’ కూడా పెడతారు. కోకోతో చేసిన తీపి సూప్, రస్కులు ముంచుకుని తింటారు. అది సూప్ ఏమిటని నన్నడగొద్దు, వాళ్ళతో తేల్చుకో.

నీ చెవిన పడే మరికొన్ని చెబుతాను. చన్నీళ్ళ తొట్టిలో కాలు పెట్టి గుక్క తిప్పుకోలేక ఎగశ్వాస పీల్చేవాళ్ళు ‘సూపా క్వెల్యుర్’ చేస్తున్నారంటారు. పని పూర్తి కాకముందే సంబరపడితే, ‘కూర గరిటెలోకి వచ్చినంత మాత్రాన జుర్రినట్టు కాదు’ అని సామెత. అందులో క్రియ మన సోపిన్ రూపమే. ఇక బతుకులో ఆటుపోట్లన్నీ చూసినవాళ్ళను ‘ఎన్నో ఫ్యారాలు జుర్రినవాళ్ళు’ అంటారు. ఫ్యారా అంటే సముద్రపు పోటు తగ్గాక బయటపడే ఒడ్డు. దీన్ని విన్నప్పుడల్లా నాకు నోర్స్ వాళ్ళ ఉరుముల దేవుడు థోర్ కథ గుర్తొస్తుంది. 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ రాసిన ‘ఎడ్డా’ అనే పురాణ గ్రంథంలో ఉంది. ఉత్‌గార్ద లోకి అనే మాయావి కోటలో థోర్‌కు ఒక కొమ్ము ఇచ్చి ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యమంటారు. మూడు గుక్కలు వేసినా కొద్దిగానే తగ్గుతుంది. థోర్ సిగ్గుతో చచ్చిపోతాడు. మర్నాడు సాగనంపుతూ ఆ మాయావి అసలు గుట్టు విప్పుతాడు: ఆ కొమ్ము రెండో కొస సముద్రంలో ఉంది, నువ్వు తాగినంత మేరా సముద్రం వెనక్కి పోయింది, జనం ఇప్పుడు దాన్ని పోటు తగ్గడం అంటున్నారు, అని. సామెత ఆ కథలోంచే వచ్చిందని నేను అనను. రెండూ ఒకే సముద్రం ఒడ్డున పుట్టాయి, అది చాలు.

కాఫీకి పిలిస్తే మాత్రం బెట్టు చెయ్యకు. ‘కఫ్ఫిసోపి’ అంటే కాఫీ గుక్క, కానీ కప్పు నిండుగానే వస్తుంది. ‘పది చుక్కలు పుచ్చుకుంటారా’ అని కూడా అడుగుతారు, అదీ ఒక కప్పే. ‘మోలసోపి’ అంటే పక్కన పంచదార బిళ్ళతో. స్వీడన్‌లో ఇదే మర్యాదకు ‘తోర్’ అనే మాట వాడతారు, కన్నీటి చుక్క అని. రెండో విడత కాఫీ ‘పోతోర్’, మూడోది ‘త్రేతోర్’. తక్కువ చెప్పి ఎక్కువ పొయ్యడం ఈ దేశాలన్నిటి అలవాటు.

ప్రశ్న: సూప్‌ను తినాలా, తాగాలా? మా ఆయనకీ నాకూ దీని మీద పెద్ద వాదన.
– ఒక పాఠకురాలు, త్రోన్‌హైమ్

జవాబు: వాదన వెయ్యేళ్ళ పాతది, అదీ మీ ఊళ్ళోనే జరిగింది. నార్వే రాజు హాకోన్ ఇంగ్లండులో ఎథెల్‌స్టన్ రాజు దగ్గర పెరిగి క్రైస్తవుడై వచ్చాడు. 10వ శతాబ్దం నడుమ, ఇప్పుడు మీ నగరంలో భాగమైన లాదె దగ్గర పాత దేవతలకు బలి విందు జరుగుతోంది. గుర్రం మాంసం తినమని రైతులు రాజును పట్టుబట్టారు. ఆయన ససేమిరా అన్నాడు. అయితే ఆ ఉడికిన నీళ్ళు, ‘సోద్’, తాగమన్నారు. అదీ వద్దన్నాడు. పోనీ కొవ్వు తినమన్నారు. దానికీ ఒప్పుకోలేదు. కొట్టుకునే పరిస్థితి వచ్చేసరికి సిగుర్ద్ ప్రభువు మధ్యలో దూరి ఒక రాజీ కుదిర్చాడు. ఆవిరి పట్టి జిడ్డుగా మారిన గుండిగ పిడి మీద రాజు నోరు తెరిస్తే చాలన్నాడు. రాజు ఆ పిడికి నారబట్ట చుట్టించి, పైన నోరు తెరిచి, తన సింహాసనానికి వెళ్ళిపోయాడు. ఇటు రాజుకూ తృప్తి లేదు, అటు రైతులకూ లేదు అని స్నోరి తన రాజుల చరిత్రలో రాశాడు.

చూశారా, మాంసాన్ని ‘తినడం’, సోద్‌ను ‘తాగడం’. ఆ కాలానికి లెక్క తేటగా ఉంది. మీ వైపు పెళ్ళిళ్ళలో వడ్డించే ‘సొద్’ అదే మాట, ఉడకడం అనే క్రియ నుంచి వచ్చింది. కానీ ఇప్పుడు అందులో మాంసం ముక్కలు, ఉండలు పడ్డాయి, దాన్ని తాగుతానంటే ఎవరూ ఒప్పుకోరు. చెంచా పడ్డాక క్రియ మారింది. స్వీడన్‌లోనూ సొప్పను ‘తింటారు’.

ఒక్కటి మాత్రం తాగుతారు: ‘బ్లోబ్యార్‌సొప్ప’, అడవి బ్లూబెర్రీ సూప్. వాసలోప్పెత్ స్కీ పందెం 1922లో మొదలైంది, ఇప్పుడు మార్చి మొదటి ఆదివారం జరుగుతోంది, సేలెన్ నుంచి మూరా దాకా 90 కిలోమీటర్లు. దారిలో సగం దగ్గర ఎవెర్ట్స్‌బెర్గ్ అనే మజిలీ. అక్కడ నిలబడి చూశాను. వేడివేడి సూప్ కప్పుల్లో పోసి వరసగా పట్టుకుంటారు. ఆలుగడ్డ పిండి వేసి చిక్కబరిచిన ఊదారంగు ద్రవం. పందెగాళ్ళు ఆగీ ఆగకుండానే కప్పు లాక్కుని నోట్లోకి ఒంపుకుంటారు, సగం గడ్డం మీద, సగం ఛాతీ మీది నంబరు మీద. కొంచెం దూరం పోయాక కప్పు పారేస్తారు. మంచు మీద అంత మేరా ఊదా మరకలు. చెంచా లేదు, బల్ల లేదు, మర్యాద అంతకన్నా లేదు. నోర్స్ వాళ్ళ ‘సూపా’ అంటే ఏమిటో నాకు నిఘంటువు కన్నా అక్కడే బాగా అర్థమైంది. మీ ఆయనకు ఇది చెప్పండి. గెలుపు ఎవరిదో మీరే తేల్చుకోండి.

ప్రశ్న: ఫిన్లాండ్‌ను ఎప్పుడూ వదిలేస్తారేం?
– ఒక పాఠకుడు, తంపెరె

జవాబు: భాష వేరు కాబట్టి, కోపం వద్దు. ఫిన్నిష్ నోర్స్ కుటుంబంలోది కాదు. సూప్‌కు మీ అసలు మాట ‘కేయిట్టో’, ఉడికించడం అనే క్రియ నుంచి. వంటిల్లు ‘కేయిట్టియో’ కూడా దాన్నుంచే. ఉడికిన నీళ్ళకు ‘లియెమి’ అంటారు, అది హంగేరియన్ల రసం మాట ‘లే’కు బంధువు. జుర్రడం ‘హోర్ప్పియా’, పలికి చూడండి, నోరే చెబుతుంది. అయినా పక్కింటి స్వీడిష్ సొప్ప మీ ఇంట్లోకీ వచ్చింది, వాడుక మాటగా. సైన్యం వాళ్ళ చక్రాల పొయ్యిని ‘సొప్పతుక్కి’ అంటారు కదా, సూప్ ఫిరంగి అని. ఇంత మంచి మాట మీకున్నందుకు నాకు అసూయ.

గురువారం బఠాణీ సూప్, తర్వాత పాన్‌కేక్ తినడం రెండు దేశాలకూ ఉమ్మడి అలవాటు. శుక్రవారం ఉపవాసం ఉన్న కాథలిక్ రోజుల నుంచి వచ్చిందని సాధారణంగా చెప్పేమాట. స్వీడన్ రాజు 14వ ఎరిక్‌ను 1577లో ఓర్బీహూస్ కోట చెరలో బఠాణీ సూప్‌లోనే విషం పెట్టి చంపారని కథ. 1958లో సమాధి తెరిచి చూస్తే ఎముకల్లో ఆర్సెనిక్ దొరికింది. సూప్ మాత్రం సాక్ష్యం చెప్పే స్థితిలో లేదు.

ప్రశ్న: ఓస్లో నడిబొడ్డున ‘స్పీకర్‌సుప్ప’ అని ఒక చోటు ఉంది. ఎవరైనా ఉపన్యాసాలు ఇచ్చే చోటా?
– ఒక పర్యాటకుడు

జవాబు: స్పీకర్ అంటే మేకు. మేకుల సూప్ అది. ఊరికే మేకుతో సూప్ కాస్తానని చెప్పి, ఇంటావిడ చేత ఒక్కొక్కటిగా పిండి, మాంసం, పాలు తెప్పించి వేయించుకున్న దేశదిమ్మరి జానపద కథ ఇక్కడ అందరికీ తెలుసు. ఆ చోట ఉన్న నీటికొలను ఒక మేకుల ఫ్యాక్టరీ నగరానికి ఇచ్చిన కానుక. జనం ఇంకేం పేరు పెడతారు? చలికాలం దాని మీద స్కేటింగ్ చేస్తారు.

ప్రశ్న: హైవే మీద మా కారు ఆగిపోతే సాయానికి వచ్చిన స్వీడిష్ కుర్రాడు ‘సొప్పతోర్‌స్క్’ అని నవ్వాడు. సొప్ప అంటే సూప్, తోర్‌స్క్ అంటే కాడ్ చేప. మా కారుకీ చేపల సూప్‌కీ ఏమిటి సంబంధం?
– ఒక జంట, యోన్‌షోపింగ్

జవాబు: స్వీడన్ కుర్రకారు పెట్రోలును సొప్ప అంటారు. ‘తోర్‌స్కా’ అంటే వాళ్ళ యాసలో ఓడిపోవడం, దెబ్బతినడం. చేప లేదు, సూప్ లేదు. ట్యాంకు ఖాళీ అయింది, అంతే. ఈసారి బయల్దేరేముందు ముల్లు చూసుకోండి.